రీటేకు లేని ఫైటు!

కత్తి కాంతారావు గుహలోకి దిగేడంటే హాలంతా ఈలలే! కత్తి, డాలు, కవచం, దారిలో దొరికిన నిధి... ఇవన్నీ మోస్తూ అంత వేగంగా ఎలా ఉరికేడని మనలో ఎవరైనా అడిగేమా? మధ్యాహ్నం ఏం తిన్నాడని విఠలాచార్యగారి సినిమాలో ఎవరైనా పట్టించుకున్నారా?

పట్టించుకునే ఆట ఒకటి వుంది. పేరు నెట్‌హాక్. తొలిసారి 1987లో విడుదలైంది. దీని తాత ‘రోగ్’. 1980 ప్రాంతంలో కాలిఫోర్నియాలో మైకేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ అనే విద్యార్థులు తయారు చేసేరు. ఆ బాణీ ఆటలన్నిటికీ ‘రోగ్‌లైక్’ అని పేరు స్థిరపడిపోయింది. ‘పాతాళ భైరవి’ (1951)లో తోటరాముడు బొమ్మ కోసం గుహలోకి దిగినట్టే, ఇక్కడ యెండార్ తాయెత్తు కోసం పాతాళంలోకి దిగాలి. ఆడిన ప్రతిసారీ కొత్త గుహ. చచ్చేమా, దాచుకున్న ఆట కూడా చెరిగిపోతుంది. రీటేకు లేదు!

వేషం ఎంచుకోండి

టూరిస్టు వేషం వుంది. చేతిలో కెమెరా, జేబునిండా డబ్బు, ఒంట్లో మాత్రం సత్తువ లేదు! నేను వాల్కిరీ అనే వీరనారిని ఎంచుకున్నాను. ‘రౌడీరాణి’లో విజయలలిత అనుకోండి. కొత్తవాళ్ళకి ఇంతకంటే గట్టి పాత్ర లేదంటారు.

అమలాపురంలో స్నేహితుడి ఇంట్లో మకాం. నాలుగు రాత్రులు జాగారం చేసి ఆమెను పెంచేను. ఇనపరేకుల కవచం దొరికింది, తొడిగేను. గొడ్డలి కనబడితే తీసేను. పెట్టె కనబడితే మోసేను. బరువెక్కువైందని ఆట హెచ్చరించింది. వింటేనా! మామూలుగా 12 వుండే నడక వేగం 9కి పడిపోయింది. ఎదురుగా సిపాయి చీమలు! వాటి వేగం 18. నేనొక అడుగు వేస్తే అవి రెండు వేస్తున్నాయి. మెట్లు నాలుగడుగుల దూరంలోనే వున్నాయి. అందుకోలేకపోయేను. అంతే, శుభం కార్డు!

పిన్నిగారి మాట

తెల్లారి నా మొహం చూసి స్నేహితుడి తల్లి కంగారు పడ్డారు. సంగతి చెప్పేను. ఆవిడ నవ్వి, 2022 జూలై వరద గురించి చెప్పేరు. ధవళేశ్వరం దగ్గర 17.75 లక్షల క్యూసెక్కులకే మూడో ప్రమాద హెచ్చరిక. ఆ యేడు 25 లక్షలు దాటింది. అప్పుడు వీళ్ళు పి.గన్నవరం దగ్గరి లంకలో వుండేవారు.

“వాకిట్లోకి పడవొచ్చింది బాబూ. వీడేమో టీవీ ఎక్కిస్తానంటాడు. అది నీళ్ళలో ఈదుకుంటా రాదు, మనం దాన్ని మోసుకుంటా ఈదలేం, దించెయ్‌రా అన్నాను. బియ్యం, అగ్గిపెట్టి, పొలం కాగితాలు. ఒక్క సంచే. ఆ టీవీ పెట్టే చోట పక్కింటి ముసలాయన కూచున్నాడు.”

నా స్నేహితుడు తలొంచుకున్నాడు. నేనూ వొంచుకున్నాను.

లెక్క ఇదీ

ఆ రాత్రి కాగితం మీద లెక్క వేసేను. కవచం బరువు 450. ఒక భోజనం పొట్లం బరువు 20, అది 800 వంతులు నడిపిస్తుంది. ఆట మొదలెట్టేటప్పుడు కడుపులో వుండేది 900. అంటే ఒక్క కవచం బరువుకి 22 పొట్లాలు! కవచం చెడ్డదని కాదు. అది తొడిగితే తక్కినవి వదలాలి. ఎంత మోయగలమన్నది బలం, దేహదార్ఢ్యం తేలుస్తాయి. ఆకలితో నీరసించినప్పుడు దేవుణ్ణి మొక్కితే కడుపు నింపుతాడు. కానీ ఒకసారి ఆదుకున్నాక సుమారు 1000 వంతుల దాకా మళ్ళీ పిలవకపోవడం క్షేమం. పాత్రని పెంచడమంటే కత్తికి పదును పెట్టడం ఒక్కటే కాదు. పారిపోవలసిన రోజున కాళ్ళు ఆడేలా చూసుకోవడం కూడా!

రెండో వీరనారి పెట్టెలన్నీ వదిలేసింది. చీమల్ని చూడగానే మెట్లెక్కేసింది. మొదటిదానికంటే మూడు అంతస్తులు కిందికి దిగింది. చివరికి అదీ పోయిందనుకోండి!

కాఫీ ఇస్తూ పిన్నిగారు అడిగేరు:

“ఈసారి ఏం మోసేవు బాబూ?”