డిస్కు శ్రేణి వైఫల్యం: కారణ నిర్ధారణ క్రమం

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు చొరబడి 17 మంది మరణించారు. పాత తవ్వకాల హద్దులు చూపే సర్వే పటాల విలువ సింగరేణి ప్రాంతానికి వేరుగా చెప్పనక్కరలేదు.

అటువంటి పటాలను లినక్స్ సర్వరులో రెయిడ్-5 పద్ధతిలో భద్రపరచినప్పుడు ఒక డిస్కు చెడినా సమాచారం నిలుస్తుంది. రెండవదీ తప్పుకుంటే శ్రేణి ఆగిపోతుంది. అయితే దోషం ప్రతిసారీ డిస్కుదే కాదు. కెర్నెల్ లాగ్‌లో పలు డిస్కులు ఒకేసారి తొలగినట్లుంటే కంట్రోలరును లేదా విద్యుత్ సరఫరాను అనుమానించాలి. స్మార్ట్ నివేదికలో సీఆర్‌సీ దోషాలు మాత్రమే పెరిగితే కేబులును, చదవలేని సెక్టార్లు పెరిగితే డిస్కును పరీక్షించాలి.

కారణం తేలకముందే శ్రేణిని కొత్తగా సృష్టిస్తే పాత అమరిక వివరాలు చెరిగిపోతాయి. కనుక ముందుగా ప్రతి డిస్కుకూ నకలు తీసి, ఎండీఏడీఎం ఉపకరణంతో ఈవెంట్ సంఖ్యలు పోల్చి, ఆ తరువాతే పునరుద్ధరణకు పూనుకోవాలి. రెయిడ్ బ్యాకప్‌కు ప్రత్యామ్నాయం కాదు; పటాల మరో ప్రతి వేరొక చోట ఉండాలి.