మీకు తెలుసా? పిల్లల రైఫిల్‌కు ఇంట్లో చేసే ఉక్కు గురిపలకల సంగతులు

అమెరికా పల్లెల్లో పిల్లలు చిన్న రైఫిల్‌తో గురి నేర్చుకునేటప్పుడు ఎదురుగా కాగితం బదులు తరచూ ఉక్కు పలక ఉంటుంది. చాలామంది ఇళ్లలో దాన్ని తండ్రో తాతో షెడ్డులో తయారుచేస్తారు. గుండు తగిలితే పలక టంగుమని మోగుతుంది, లేదా పడిపోతుంది. తగిలిందో లేదో చెప్పడానికి పక్కన ఇంకొకరు అక్కర్లేదు. పిల్లలకు నచ్చేది అదే. చేసే పెద్దలు మాత్రం ముందుగా ఆలోచించాల్సింది వేరే ఉంది: తగిలాక ఆ సీసం ఎటు పోతుంది?

1. పిల్లల రైఫిల్ తూటాలో నిప్పు అంచులో పుడుతుంది

పెద్ద తూటాలకు అడుగున మధ్యలో నిప్పు పుట్టించే ప్రైమర్ ఉంటుంది. పిల్లల రైఫిల్‌లో వాడే రిమ్‌ఫైర్ తూటాకు విడిగా ప్రైమర్ ఉండదు. నిప్పు పుట్టించే రసాయనం ఇత్తడి తొడుగు అంచు మడతలోనే ఉంటుంది. ఫైరింగ్ పిన్ ఆ అంచును నలిపితే తూటా పేలుతుంది. నలగాలంటే తొడుగు పల్చగా ఉండాలి, పల్చని తొడుగు ఎక్కువ పీడనాన్ని తట్టుకోలేదు. అందుకే ఇది తక్కువ శక్తి గల తూటాగానే మిగిలింది. భుజానికి దెబ్బ తెలియదు, ధరా తక్కువే. పిల్లల చేతికి ఇదే రావడానికి కారణం అది. అందరూ వాడే పాయింట్ టూ టూ లాంగ్ రైఫిల్ తూటాను అమెరికాలోని స్టీవెన్స్ కంపెనీ 1887లో తెచ్చింది. మన దగ్గర ఎన్.సి.సి.లో చేరినవాళ్లు చాలామంది మొదట పట్టుకునేదీ పాయింట్ టూ టూ రైఫిలే.

2. ఆ చిన్న గుండుకు ఫాస్ట్ బౌలర్ బంతికి ఉన్నంత శక్తి ఉంది

మామూలు లాంగ్ రైఫిల్ గుండు బరువు 2.6 గ్రాములు. సెకనుకు దాదాపు 330 మీటర్ల వేగంతో బయలుదేరితే దాని శక్తి సుమారు 140 జౌళ్లు. గంటకు 150 కిలోమీటర్ల వేగంతో వచ్చే క్రికెట్ బంతి శక్తీ దాదాపు అంతే. అయితే తోసే బలం, అంటే ద్రవ్యవేగం, బంతికి ఏడెనిమిది రెట్లు ఎక్కువ. బంతి వికెట్లను ఎగరగొడుతుంది; ఈ గుండు బరువైన పలకను కదపనైనా కదపలేదు. ఇంట్లో పలక చేసేవాళ్లు మొదట నేర్చుకునే పాఠం ఇదే. మోగే పలక బరువుగా ఉన్నా పర్వాలేదు, పడిపోవాల్సిన పలక మాత్రం చిన్నదిగా, తేలికగా ఉండాలి. లేకపోతే పిల్ల సరిగ్గా కొట్టినా పలక నిలబడే ఉంటుంది.

3. ఉక్కు కోళ్లు, పొట్టేళ్ల ఆట మెక్సికోలో పుట్టింది

మెక్సికోలో ఒకప్పుడు ప్రాణమున్న జంతువులనే గురిగా పెట్టి పోటీలు జరిపేవారు. వాటి స్థానంలో ఉక్కు బొమ్మలు 1948లో మెక్సికో సిటీలో వచ్చాయి. 1960ల చివర్లో ఆ ఆట సరిహద్దు దాటి అరిజోనాకు చేరింది. పెద్ద రైఫిల్‌కు కోళ్లను 200 మీటర్లలో, పందులను 300లో, టర్కీ కోళ్లను 385లో, పొట్టేళ్లను 500 మీటర్లలో నిలబెడతారు. పాయింట్ టూ టూ పోటీకి బొమ్మల కొలతలనూ దూరాలనూ ఐదో వంతు చేశారు: 40, 60, 77, 100 మీటర్లు. ఆసరా లేకుండా నిలబడి, రెండున్నర నిమిషాల్లో ఐదు బొమ్మలు కొట్టాలి. బొమ్మ పడితేనే లెక్క, తగిలి ఊగితే సున్నా.

4. అంతకుముందే పోత ఇనుప బాతులు ఉండేవి

ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో అమెరికా వినోద ఉద్యానాల్లో, సంతల్లో షూటింగ్ గ్యాలరీలు కళకళలాడేవి. న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో మాంగెల్స్ కంపెనీ పోత ఇనుముతో బాతులు, పక్షులు, తిరిగే చక్రాలు చేసి గ్యాలరీలకు అమ్మేది. జనం చిన్న పాయింట్ టూ టూ తూటాలతో వాటిని కొట్టేవారు. ఆనాటి బొమ్మలు ఇప్పుడు పాత వస్తువులు సేకరించేవాళ్ల ఇళ్లలో ఉన్నాయి.

5. మెత్తని ఉక్కు కంటే గట్టి ఉక్కే క్షేమం

గట్టి పలకకు తగిలితే గుండు వెనక్కి వస్తుందని, మెత్తనిదైతే లోపల దిగబడుతుందని మనకు అనిపిస్తుంది. నిజం దీనికి తలకిందులుగా ఉంటుంది. చదునైన గట్టి ముఖానికి తగిలిన సీసం చితికి, తునకలై, పలక ముఖం వెంబడే నలువైపులా చిమ్ముతుంది. పలక మెత్తనిదై గుంట పడితే తర్వాతి గుండు సీసం ఆ గుంట వంపు వెంట తిరిగి, వచ్చిన దారినే వెనక్కి రావచ్చు. అందుకే గనుల్లో ట్రక్కుల తొట్లకు వాడే ఏఆర్ 500 రకం ఉక్కును గురిపలకలకు ఎంచుకుంటారు. ఆ 500 బ్రినెల్ కొలతలో దాని కాఠిన్యం. మామూలు మెత్తని ఉక్కు 120 ప్రాంతంలో ఉంటుంది.

ఒట్టి సీసపు లాంగ్ రైఫిల్ గుండ్లకైతే 9 మిల్లీమీటర్ల మామూలు ఉక్కు కూడా నిలుస్తుంది. అదే పలక మీద 2002లో వచ్చిన పాయింట్ 17 హెచ్ఎంఆర్ తూటా పేలిస్తే ప్రమాదం. అదీ రిమ్‌ఫైరే, కానీ గుండు వేగం సెకనుకు 770 మీటర్లు దాటుతుంది, పలకకు గుంటలు పడతాయి. గుంట పడిన పలకను, వంగిన పలకను తీసి పారేయాల్సిందే.

6. వెల్డింగ్ చేస్తే ఉక్కు మెత్తబడుతుంది

ఏఆర్ 500కు ఆ గట్టిదనం వేడిచేసి, చల్లార్చిన పద్ధతి వల్ల వచ్చింది. మళ్లీ బాగా వేడెక్కితే అది పోతుంది. కొడవలికి పెట్టిన పదును నిప్పుల్లో పడితే పోయినట్టే. అందుకే పలకను వాటర్‌జెట్‌తోనో ప్లాస్మాతోనో కోయిస్తారు. గుండ్లు తగిలే ముఖం మీద వెల్డింగ్ చేయరు. రంధ్రాలు వేసి, నున్నని గుండ్రటి తల ఉన్న బోల్టుతో బిగిస్తారు. షట్కోణపు నట్టు ముందుకు పొడుచుకొని ఉంటే దాని అంచులకు తగిలిన గుండు ఎటు పోతుందో చెప్పలేం.

7. పలక కాస్త ముందుకు వాలి ఉండాలి

పై అంచు కాల్చేవారి వైపుకు వంగేలా సుమారు 20 డిగ్రీల వాలు పెడితే సీసపు తునకల్లో ఎక్కువ భాగం నేలలోకి పోతుంది. వేలాడదీయడానికి గొలుసు కంటే పాత ఫైర్ హోస్ ముక్కో, రబ్బరు బెల్టు పట్టీయో మేలు. దానికి గుండు తగిలితే దూసుకుపోతుంది, గొలుసు లింకుకు తగిలితే పక్కకు ఎగరవచ్చు. స్టాండు కాళ్ల ముందు చెక్క అడ్డుపెట్టడం కూడా ఇందుకే. నాగలి డిస్కులు, పాత సిలిండర్లు చక్కగా మోగుతాయి. అయినా వాటి జోలికి పోకూడదు. వంపు తిరిగిన లోహం తునకలను ఊహించని వైపు తిప్పుతుంది.

8. తప్పిన గుండు ఒకటిన్నర మైలు పోతుంది

పాయింట్ టూ టూ తూటా పెట్టెల మీదే ఈ హెచ్చరిక ఉంటుంది. అంటే సుమారు 2.4 కిలోమీటర్లు. పలక ఎంత బాగా చేసినా దాని వెనుక ఎత్తైన మట్టికట్ట లేనిదే అక్కడ కాల్చకూడదు. పలక గుండును ఆపేది తగిలినప్పుడే. పిల్లలు మొదట్లో ఎక్కువగా తప్పుతారు, ఆ గుండ్లన్నీ మట్టికట్టే ఆపాలి.

9. 100 మీటర్లలో టంగుమనడానికి అరసెకను దాటుతుంది

గుండు చేరడానికి సుమారు 0.3 సెకను, శబ్దం తిరిగి రావడానికి ఇంచుమించు అంతే. ఈ కాస్త ఎడం శిక్షకులకు ఎంతో పనికొస్తుంది. కాల్చగానే తల ఎత్తి చూసే అలవాటు కొత్తవాళ్లందరికీ ఉంటుంది. శబ్దం వినపడే దాకా చెంప రైఫిల్ మడమకు ఆనించే ఉండమంటే ఆ అలవాటు పోతుంది.

10. ఒలింపిక్స్‌లోనూ లోహపు గురిపలకలు ఉన్నాయి

మంచు మీద స్కీయింగ్ చేస్తూ వచ్చి కాల్చే బయాథ్లాన్‌లో 1978 నుంచి పాయింట్ టూ టూ రైఫిలే వాడుతున్నారు. దూరం 50 మీటర్లు. పడుకుని కాలిస్తే 45 మిల్లీమీటర్ల వలయం, నిలబడి కాలిస్తే 115. తగిలితే నల్ల పలక పడి, ఆ చోట తెల్ల మూత వస్తుంది. ఫలితం ప్రేక్షకులందరికీ ఒకేసారి తెలుస్తుంది.

11. చేతులు కడగడం కూడా ఈ ఆటలో నియమమే

ఉక్కుకు తగిలి చితికిన సీసం ధూళిగా పలక మీద, కింద మట్టిలో చేరుతుంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలకు చేటు. రేంజ్‌లో ఏమీ తినకూడదు. పలకలకు రంగు వేసే పని, తునకలు ఏరే పని పెద్దవాళ్లే చేయాలి. ముగిశాక సబ్బుతో చేతులు, ముఖం కడిగించాలి. కంటి అద్దాలు, చెవి రక్షణ కాల్చేవారికే కాదు, పక్కన నిలబడి చూసేవారికీ ఉండాలి. చిన్నదైనా రైఫిల్ పేలుడు 140 డెసిబెల్స్ దాకా వెళ్తుంది.

12. నేర్పేవారికీ శిక్షణ ఉంటుంది

అమెరికాలో పిల్లల సంస్థ 4-హెచ్ తన షూటింగ్ విభాగంలో 8 నుంచి 18 ఏళ్ల వారికి నేర్పుతుంది. శిక్షణ పొంది ధ్రువీకరణ ఉన్న పెద్దల ఎదుటే పిల్లలు రైఫిల్ పట్టాలి.

మన దేశంలో దారి వేరు. ఆయుధ లైసెన్సుకు 21 ఏళ్లు నిండాలి. పెరట్లో పలక వేలాడదీసి కాల్చే వీలు లేదు. నేర్చుకోదలచిన పిల్లలు గుర్తింపు ఉన్న రేంజ్‌లోనే మొదలుపెట్టాలి. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వ్యక్తిగత రజతం గెలిచిన 25 మీటర్ల పిస్టల్ పోటీలో వాడేదీ పాయింట్ టూ టూ తూటాయే. గురి కాగితమైనా ఉక్కైనా పిల్లలు కాల్చే చోట పెద్దల బాధ్యత ఒక్కటే. తగిలిన గుండుకూ తప్పిన గుండుకూ చోటు ముందే చూపించాలి, ఆ తర్వాతే రైఫిల్ వాళ్ల చేతికివ్వాలి.