పటముమీది గీతయు, పట్టాలోని సర్వే నంబరును

2025 ఆగస్టు మాసాంతమున హైదరాబాదు మహానగర అభివృద్ధి సంస్థ ప్రాంతీయ వలయ రహదారి దక్షిణ భాగమునకు ప్రతిపాదిత మార్గమును ప్రకటించి, అభ్యంతరములను సెప్టెంబరు 15లోగా తెలుపుకొనవచ్చునని చెప్పినప్పుడు, చౌటుప్పల్, గట్టుప్పల్, మర్రిగూడ, ఆమనగల్లు ప్రాంతముల రైతులు మొట్టమొదట చేసిన పని, ఊరి పేరు క్రింద వరుసగా అచ్చయిన సర్వే నంబర్లలో తమ పాసుపుస్తకమందలి నంబరు ఉన్నదా లేదా యని వ్రేలుపెట్టి వెదకుకొనుట. ఉన్నవారు అర్జీలు వ్రాయించుకొని నగరమునకు పోయిరి. కొందరు రోడ్డుమీద ధర్నాకు కూర్చుండిరి.

అది రహదారికి మాత్రమే సంబంధించిన దిగులు కాదు. నగరము చుట్టును 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి వచ్చినపుడు దాని వెంబడి ఏమి జరిగినదో ఈ రైతులెరుగుదురు. రోడ్డు కంటె ముందు వెంచర్ వచ్చును. జొన్నచేను హద్దురాళ్ల మడియగును. పిదప అంతస్తులు లేచును. హైదరాబాదులో 2006 నుండి స్థల విస్తీర్ణమునకు ఇంత నిర్మాణమే యుండవలెనన్న పరిమితి తొలగింపబడి, భవనము ఎత్తు ప్రధానముగా ముందున్న రోడ్డు వెడల్పును బట్టి నిర్ణయమగుచున్నది. కావున రోడ్డు వెడల్పగుట యనగా జనసాంద్రత పెరుగుట యనియే అర్థము.

2008లో మహానగర అభివృద్ధి సంస్థ ఏర్పడినపుడే నల్లగొండ జిల్లాలోని భువనగిరి, బీబీనగర్, పోచంపల్లి, చౌటుప్పల్ ప్రాంతములును, మహబూబ్‌నగర్ జిల్లాలోని కొత్తూరు, షాద్‌నగర్ పరిసరములును మహానగర పరిధిలో చేరినవి. 2013లో వెలువడిన బృహత్ప్రణాళిక 2031 వరకు ఏ నేల నివాసమునకో, ఏ నేల పరిరక్షణకో రంగులతో నిర్ణయించినది. 2025 మార్చిలో పరిధి పదునొకండు జిల్లాలకు, సుమారు 10,472 చదరపు కిలోమీటర్లకు వ్యాపించినది. ఒకప్పుడు పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాలోనివైన ఆమనగల్లు, కడ్తాల్ మండలముల గ్రామములు కొన్ని ఫ్యూచర్ సిటీ సంస్థ క్రిందికి పోయినవి. పరిరక్షణ మండలమున పడినవాడు తన నేలకు ధర రాలేదని వగచును. గట్టు కవతలివాడు తన చేను నివాస మండలమైనందున చుట్టును ఇండ్లు లేచి సేద్యము సాగదని వగచును. ఇరువురి మాటయు నిజమే.

నీటి సంగతి మరింత గట్టిగా చెప్పవలసియున్నది. ఇది నల్లరాతి నేల. రాతి పగుళ్లలో నిలిచినంతయే భూగర్భజలము. పూర్వులు ఒక చెరువు మత్తడి పోసిన నీరు క్రింది కుంటకు చేరునట్లు గొలుసుకట్టుగా చెరువులు కట్టిరి. ఆ కాలువను ప్లాట్లుగా కోసినచో క్రింది చెరువంతయు ఎండును, పై కాలనీ మునుగును. బోర్లు లోతునకు పోయినకొలది ఫ్లోరైడు భయము; మర్రిగూడ ప్రాంతమున వంగిన నడుములు, వంకరపోయిన కాళ్లు దానికి సాక్ష్యము. 2015లో త్రాగునీటి పథకమైన మిషన్ భగీరథ పైలాన్‌ను చౌటుప్పల్‌లోనే నెలకొల్పుటకు ఈ బాధయే కారణము. వేలకొలది కొత్త ఇండ్లకు నీరెక్కడిదని గ్రామస్థుడడుగుట అభివృద్ధి నిరోధమెట్లగును?

అనుమతిలేని లేఅవుట్లకు 2020లో క్రమబద్ధీకరణ పథకము వచ్చినది. పది శాతము ఖాళీస్థలము విడువనిచోట ఆ లోటునకు ప్లాటు విలువలో 14 శాతము రుసుము కట్టిన చాలునన్నది దాని నిబంధన. ఖజానాకు డబ్బు చేరును గాని, ఆ వీథిపిల్లలకు ఆడుకొన నేల రాదు. ఈ పథకములో నాకు మింగుడుపడని భాగమిదియే.

రైతుల అభ్యంతరమునకు విలువ దక్కిన తావును ఒకటున్నది. కామారెడ్డిలో పురపాలక సంఘము ముసాయిదా ప్రణాళికను ప్రకటించి అరువది దినముల గడువిచ్చినది. పంటపొలములు పారిశ్రామిక మండలమున పడినవని చుట్టుపట్ల గ్రామముల రైతులు గొంతెత్తగా, 2023 జనవరిలో పాలకవర్గము ఆ ముసాయిదాను రద్దుచేయుచు తీర్మానించినది. దక్షిణ మార్గమునకును ఆపాటి గడువిచ్చి, చెరువులు, వాటి శిఖము భూములు, బాటలు గుర్తించిన తెలుగు పటమును ప్రతి పంచాయతీ గోడమీదను అంటించి, గ్రామసభలోనే అభ్యంతరములు వ్రాసికొనియుండినచో, మర్రిగూడ రైతు పనులు మానుకొని నగరము దాక అర్జీ మోసికొని పోవలసిన అవసరముండెడిది కాదు.