సూర కడుపులో సముద్రం

పసిఫిక్ మహాసముద్రంలోని న్యూకలెడోనియా దీవి రాజధాని నూమేయా. 1947లో పుట్టిన పసిఫిక్ కమ్యూనిటీ అనే సంస్థకు ముఖ్య కార్యాలయం అక్కడే ఉంది. దాని ప్రయోగశాలకు గడ్డకట్టిన సంచులు వస్తుంటాయి. ఒక్కో సంచిలో ఒక్కో ట్యూనా కడుపు. మన విశాఖ, కాకినాడ రేవుల్లో సూర అని పిలిచే చేప జాతి ఇదే. ఆ చేప ఏ రోజున, ఏ అక్షాంశంలో, ఏ వలకు లేదా ఏ గాలానికి చిక్కిందో, పొడవెంతో సంచితో వచ్చే చీటీ చెబుతుంది. వేట పడవల మీద పరిశీలకులుగా వెళ్లే దీవుల మనుషులు చేపను కోసి, కడుపు తీసి, సంచిలో కట్టి, మంచులో దాచి తెస్తారు.

కడుపును కరిగించి, చీల్చి, పళ్లెంలో కుమ్మరిస్తే ముందు కనిపించేది ముద్ద. నీళ్లు పోసి కడుగుతూ ఉంటే అందులోంచి ఒక్కొక్కటే విడివడతాయి: వేలెడంత చేపలు, ఎర్రని రొయ్యలు, నలిగిన స్క్విడ్‌లు, గాజులా పారదర్శకంగా ఉండే జీవులు. మనిషి ఒడ్డున నిలబడి ఎప్పుడూ చూడని లోకం ఆ పళ్లెంలో ఉంటుంది.

ఈ చిన్న జీవులన్నిటికీ కలిపి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు మైక్రోనెక్టన్. ఇవి సుమారు 2 నుంచి 20 సెంటీమీటర్ల పొడవుంటాయి. ప్లవకాల్లా నీరు తోసినట్టు కొట్టుకుపోవు, సొంతంగా ఈదుతాయి. వీటిని అధ్యయనం చేయడంలో చిక్కంతా అక్కడే మొదలవుతుంది. ప్లవకాలను పట్టే సన్నని వలను నెమ్మదిగా లాగాలి, ఇవి దాన్ని చూసి పక్కకు తప్పుకుంటాయి. వేటగాళ్ల పెద్ద వల కళ్లలోంచి జారిపోతాయి. వీటి కోసమే పెద్ద నోరు, సన్నని కళ్లు ఉన్న వలలు తయారుచేశారు. 2011 నుంచి అలిస్ అనే చిన్న ఫ్రెంచ్ పరిశోధక నౌక న్యూకలెడోనియా చుట్టూ అలాంటి వలలే లాగింది. అయినా వల ఎప్పుడూ అసలు కథలో కొంత భాగమే పైకి తెస్తుంది.

సూరకు ఆ ఇబ్బంది లేదు. అది పుట్టు వేటగాడు. అందుకే దాని కడుపు మంచి నమూనా సంచి. కాకపోతే ఆ సంచిలో ఆమ్లం ఉంది. మింగినవి కొద్ది గంటల్లో కరిగిపోవడం మొదలవుతుంది. చర్మం పోతుంది, రంగు పోతుంది, తర్వాత కండ పోతుంది. చివరికి మిగిలేవి రెండు. ఒకటి చేప తలలోని చెవి రాయి. సున్నపు పదార్థంతో ఏర్పడే ఈ చిన్న రాయి ఆకారం జాతిని బట్టి మారుతుంది. అలవాటు పడిన కళ్లు ఆ రాయిని చూసి చేప జాతిని, పొడవునూ చెప్పగలవు. రెండోది స్క్విడ్ నోట్లో ఉండే ముక్కు. చిలుక ముక్కులా వంగి, నల్లగా, గట్టిగా ఉంటుంది. తిమింగలాల కడుపుల్లో దొరికిన వేల ముక్కులతో జీవితాంతం పనిచేసిన బ్రిటిష్ శాస్త్రవేత్త మాల్కమ్ క్లార్క్ 1986లో వాటిని గుర్తించే కరదీపిక వెలువరించాడు. కింది ముక్కు కొలత తీసుకుని స్క్విడ్ బరువు లెక్కగట్టే పద్ధతి నేటికీ వాడుకలో ఉంది. జాగ్రత్త పడాల్సింది ఒక్కటే. ముక్కు అరగదు, రోజుల తరబడి కడుపు మడతల్లో ఉండిపోతుంది. లెక్కలో దానికి తగ్గింపు ఇవ్వకపోతే సూర స్క్విడ్‌లే తిని బతుకుతోందని పొరపడతాం.

ఆనవాలు పూర్తిగా చెరిగిపోయిన ముద్దకు ఇప్పుడు డీఎన్ఏ పరీక్ష చేస్తున్నారు. కండలోని నత్రజని ఐసోటోపుల నిష్పత్తిని కొలిస్తే చేప ఆహారపు మెట్లలో ఎన్నో మెట్టు మీద ఉందో తెలుస్తుంది. కడుపు నిన్నటి భోజనం చెబితే, కండ కొన్ని నెలల భోజనం చెబుతుంది.

వలకు చిక్కనివాటిని వినవచ్చని తెలిసింది యుద్ధకాలంలో. 1942లో కాలిఫోర్నియా తీరాన జలాంతర్గాములను పసిగట్టే ధ్వని పరికరాలతో ప్రయోగాలు చేస్తుండగా, లోతైన నీటి మధ్య కొన్ని వందల మీటర్ల దగ్గర నేల లాంటి పొర ఒకటి ప్రతిధ్వనించింది. అక్కడ నేల లేదు. 1945లో స్క్రిప్స్ సముద్ర విజ్ఞాన సంస్థకు చెందిన మార్టిన్ జాన్సన్ ఆ పొరను పగలూ రాత్రీ వెంటాడి చూశాడు. చీకటి పడగానే అది పైకి లేచింది, తెల్లవారగానే దిగిపోయింది. అంటే అది ప్రాణులతో నిండిన పొర.

పగలు 400, 500 మీటర్ల చీకట్లో దాగి, రాత్రి పైకొచ్చి ప్లవకాలను మేసి, తెల్లవారకముందే దిగిపోవడం. ఈ ప్రయాణం ప్రపంచంలోని సముద్రాలన్నిటా రోజూ జరుగుతుంది. భూమి మీద ఇంతకంటే పెద్ద జంతు వలస లేదు. అందులో ముఖ్యులు లాంతరు చేపలు. వీటిలో దాదాపు 250 జాతులున్నాయి. పొట్ట కింద వరసగా వెలుగుచుక్కలుంటాయి. పైనుంచి దిగే మసక వెలుగుకు సరిపడా అవి వెలగడంతో కింద పొంచి ఉన్న శత్రువుకు చేప నీడ కనపడదు. తన నీడను తన వెలుగుతోనే చెరిపేసుకునే ఈ ప్రాణిని మించిన అద్భుతం సముద్రంలో మరొకటి ఉందని నేను అనుకోను.

నౌక అడుగు నుంచి 38 కిలోహెర్ట్జ్ ధ్వని పంపితే, నీటిలో దాని తరంగం పొడవు సుమారు 4 సెంటీమీటర్లు. ఈత తిత్తిలో గాలి ఉన్న చేపకు తగిలి అది గట్టిగా తిరిగొస్తుంది. తిత్తి లేని స్క్విడ్ అదే ధ్వనికి దాదాపు కనిపించదు. గాలిబుడగ ఉన్న ఓ జెల్లీ జీవి మాత్రం పెద్ద చేపలా పలుకుతుంది. అందుకే వేర్వేరు పౌనఃపున్యాలను పోల్చి చూస్తారు. ఈ లోతుల చేపలు మొత్తం 100 కోట్ల టన్నులుంటాయని 1980లో వల లెక్కలతో అంచనా వేశారు. 2010లో బయలుదేరిన స్పెయిన్ వారి మలాస్పినా యాత్ర ధ్వనితో కొలిచి చూస్తే, 2014లో ఆ అంకె 1,000 కోట్ల టన్నుల దాకా వెళ్లింది. వల చూసి చేపలు తప్పుకోవడం ఎంత పెద్ద విషయమో దీనితో తేలింది. ధ్వని లెక్కలోనూ పొరపాట్లకు చోటుంది కనుక చివరి మాట ఇదేనని నేను అనను.

ఈ పొర వెంటే సూరలూ తిరుగుతాయి. పెద్దకంటి సూర పగలు 300 నుంచి 500 మీటర్ల లోతుకు దిగి వేటాడుతుంది. అక్కడి చలికి ఒళ్లు చల్లబడినప్పుడల్లా వెచ్చని పైనీటికి వచ్చి వేడెక్కి మళ్లీ దిగుతుంది. పసుపు రెక్కల సూర ఎక్కువగా పై పొరల్లోనే మేస్తుంది. హవాయి దగ్గర జరిగిన అధ్యయనంలో, లోతుకు దిగి మేసే చేపల కండలో పాదరసం ఎక్కువని తేలింది. మన పళ్లెంలోకి వచ్చే ముక్కలో ఏముందో తెలియాలంటే, అది ఏ లోతున ఏం తిన్నదో తెలియాలి.

కడుపుల విషయంలో సూరను మించిన చేప ఒకటుంది. లాన్సెట్ చేప. రెండు మీటర్ల దాకా పెరుగుతుంది, నోటినిండా కత్తుల్లాంటి పళ్లు, ఒళ్లంతా నీరు. అమ్మితే కొనేవారుండరు, సూర కోసం వేసిన గాలానికి చిక్కితే విసిరేస్తారు. కానీ అది కనిపించినదాన్నల్లా మింగి కడుపులో దాచుకుంటుంది. అరగడం చాలావరకు పేగుల్లోనే జరుగుతుంది. కడుపు తెరిస్తే మింగినవి చెక్కుచెదరకుండా, రంగులతో సహా దొరుకుతాయి.

ఇంత శ్రమ ఎందుకంటే, సూర ఎక్కడుంటుందో నిర్ణయించేది దాని మేతే. ఎల్ నీనో వచ్చినప్పుడు పశ్చిమ పసిఫిక్‌లోని వెచ్చని నీటి కొలను తూర్పుకు జరుగుతుంది. దాని వెంటే స్కిప్‌జాక్ సూరలు వేల కిలోమీటర్లు తరలిపోతాయని 1997లో పాట్రిక్ లెహోడే బృందం చూపించింది. తర్వాత వాళ్లు మైక్రోనెక్టన్ పొరలను లోతుల వారీగా లెక్కించి, సూర కదలికలను అంచనా వేసే సీపోడిమ్ అనే నమూనా తయారుచేశారు. ప్రపంచంలో పట్టే సూరల్లో సగానికి పైగా దొరికేది పశ్చిమ, మధ్య పసిఫిక్‌లోనే. కిరిబాటి లాంటి చిన్న దీవుల దేశానికి విదేశీ పడవలు కట్టే వేట రుసుమే ప్రధాన ఆదాయం. చేపలు పొరుగు దేశపు నీటిలోకి జరిగితే, అది నేరుగా ఖజానా మీద పడే దెబ్బ.

నూమేయా పళ్లేల్లో తరచూ మరో సంగతీ బయటపడుతుంది. తీరానికి ఎంతో దూరంలో, అడుగు అందని నీలి నీటిలో పట్టిన సూర కడుపులో పగడపు దిబ్బల చేపల పిల్లలుంటాయి. దిబ్బ మీద పుట్టే ఈ చేపలు పసితనంలో నడిసముద్రంలోకి కొట్టుకుపోయి, అక్కడే కొంత పెరిగి, మళ్లీ ఏదో ఒక దిబ్బకు చేరుకోవాలి. చేరుకోని వాటిలో కొన్ని ఇక్కడ, చీటీ కట్టిన సంచిలో, నల్లని స్క్విడ్ ముక్కుల పక్కన దొరుకుతాయి.