గ్లాస్గోలో మారిన మాట, గోదావరిఖనిలో మిగిలిన ప్రశ్న

2021 నవంబరు 13న గ్లాస్గో వాతావరణ సదస్సు ముగింపు ఘడియల్లో మన పర్యావరణ మంత్రి భూపేందర్ యాదవ్ ఒక సవరణకు పట్టుబట్టారు. బొగ్గు కరెంటును దశలవారీగా పూర్తిగా మానేయాలన్న చోట, దశలవారీగా తగ్గించాలని రాయించారు. సదస్సు అధ్యక్షుడు అలోక్ శర్మ గొంతు పూడుకుపోయింది. బొగ్గును కాపాడిన దేశమని మనకు పేరొచ్చింది.

నేను గోదావరిఖనిలో పెరిగాను. మా బాపు బొగ్గుబాయి పనికి పోయేవాడు. మా వాడలో కిరాణా ఖాతా, బడి ఫీజు, ఆడపిల్లల పెళ్లి అన్నీ సింగరేణి బొగ్గు కంపెనీ జీతం మీదే నడిచేవి. దసరా ముందు లాభాల వాటా ప్రకటిస్తే బజారంతా కళకళలాడేది. ఆ కంపెనీలో 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. బొగ్గు రవాణా మీద రైల్వే సంపాదించే డబ్బే ప్యాసింజరు టికెట్టును చవగ్గా ఉంచుతోంది. దేశంలో తయారయ్యే కరెంటులో దాదాపు నాలుగింట మూడొంతులు బొగ్గుదే. ఇంత బరువు మోస్తున్న ఖనిజాన్ని ఏ మంత్రీ ఒక్క సంతకంతో వదులుకోలేడు.

బొగ్గును ఒక్కసారిగా వదలలేమన్న మన వాదనకు పాత పునాది కూడా ఉంది. పేదదేశపు వరిపొలం వదిలే మీథేన్‌నూ, సంపన్నుడి కారు పొగనూ ఒకే గాటన కట్టడం అన్యాయమని 1991లోనే పర్యావరణవేత్తలు అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ రాశారు. మరుసటి ఏడాది రియోలో కుదిరిన వాతావరణ ఒప్పందం, బాధ్యత అందరిదే అయినా అందరి వంతూ సమానం కాదని ఒప్పుకుంది. పరిశ్రమలు మొదలైనప్పటి నుంచి ఇంధనాలు కాల్చగా వెలువడిన కార్బన్ డయాక్సైడులో దాదాపు నాలుగో వంతు అమెరికాది. మనది నాలుగు శాతం లోపే.

డబ్బు సంగతి మరీ చేదు. 2020 నాటికి వర్ధమాన దేశాలకు ఏటా పదివేల కోట్ల డాలర్లు సమకూరుస్తామని ధనిక దేశాలు 2009లో కోపెన్‌హాగెన్‌లో మాటిచ్చాయి. వాళ్ల లెక్కల ప్రకారమే అది నెరవేరింది 2022లో. అందులోనూ ఎక్కువ భాగం అప్పులే. 2024లో బాకు సదస్సులో వర్ధమాన దేశాలు ఏటా లక్షా ముప్పైవేల కోట్ల డాలర్లు అడిగితే, ధనిక దేశాలు 2035 నాటికి ఏటా ముప్పైవేల కోట్లన్నాయి. భారత ప్రతినిధి చాందినీ రైనా ఆ తీర్మానాన్ని నిండు సభలో తప్పుపట్టారు. ఆమె కోపం నా కోపం కూడా.

అయితే పేదదేశాలన్నీ ఒకే గొంతుతో మాట్లాడవు. ఎక్కడా అయిదు మీటర్ల ఎత్తైనా లేని తువాలు దీవులకు మన బొగ్గు ప్రాణాంతకం. సముద్రం మింగేస్తుందన్న వాళ్ల భయం ముమ్మాటికీ నిజం. ముదురుతున్న రామగుండం ఎండలో కూలికి పోయేవాళ్లకూ అలాంటి భయం తెలుసు.

మనిషికి సగటున ఏటా రెండు టన్నుల కార్బన్ డయాక్సైడే వదులుతున్నామని మన ప్రభుత్వం చెప్పేది నిజమే. కానీ ఆ సగటులో హైదరాబాద్ ఏసీ బంగళా, ఆదిలాబాద్ గూడెం రెండూ కలిసిపోయాయి. బయట అడుగుతున్న న్యాయం ఇంట్లోనూ జరగాలి. 2070కి నెట్ జీరో, అంటే వదిలే కర్బనం తిరిగి పీల్చుకునే దానికి మించని స్థితి, అని గ్లాస్గోలోనే ప్రధాని ప్రకటించారు. అంటే బాయిలు మూతపడే రోజు వస్తుంది. ఆనాటికి గోదావరిఖని, ఇల్లందు, కొత్తగూడెం పిల్లలకు ఏ పని చూపిస్తారో, కాంట్రాక్టు కార్మికుడికి ఏమిస్తారో కాగితం మీద పెట్టాలి. ఓటు అడగడానికి వచ్చినవాళ్లను ముందు ఈ ప్రశ్న అడగండి.