స్ట్రెయిటనింగ్ తర్వాత జుట్టు ఊడుతోందా? దిగులుపడకండి!

మా కణేకల్ ప్రాంతంలో పెండ్లిళ్లు వచ్చాయంటే చీరెలకూ గాజులకూ రాయదుర్గానికో బళ్లారికో వెళ్లడం పాత అలవాటు. ఇప్పుడు దానికి బ్యూటీ పార్లరు కూడా తోడయింది. రింగుల జుట్టును సాపుగా, నిగనిగలాడేలా చేసే స్ట్రెయిటనింగ్, స్మూత్‌నింగ్, రీబాండింగ్, కెరాటిన్ అనే పేర్లు పల్లె పిల్లల నోళ్లలో కూడా వినబడుతున్నాయి. పెండ్లి ఫొటోల్లో జుట్టు బాగానే ఉంటుంది. రెండు మూడు నెలలు గడిచేసరికి కొందరికి దువ్వెన నిండా వెంట్రుకలే, దిండు మీదా వెంట్రుకలే. పాపిట వెడల్పవుతుంది. గుడిలో ముసుగు మనకు అలవాటే గాని, ఇంట్లో కూడా ముసుగు తీయడం మానేసిన పిల్లలను మేము చూస్తున్నాము.

“మా పిల్లకు మళ్లీ జుట్టు వస్తుందా?” అని తల్లులు అడుగుతున్నారు. చాలామందికి వస్తుంది. అయితే అసలు ఏమి జరిగిందో తెలుసుకొని, ఓపికగా నడుచుకోవాలి.

మందు చేసే పని

వెంట్రుక కెరాటిన్ అనే మాంసకృత్తుతో తయారవుతుంది. దాని పోగులను గంధకపు బంధాలు ఒకదానితో ఒకటి పట్టి ఉంచుతాయి. జుట్టు రింగులు తిరగడానికీ గట్టిగా ఉండడానికీ ఈ బంధాలే ఆధారం. రీబాండింగ్‌లో సాధారణంగా అమ్మోనియం థయోగ్లైకొలేట్ అనే మందుతో ఈ బంధాలను తెంచి, వేడి ఇస్త్రీతో జుట్టును సాపు చేసి, మరో మందుతో మళ్లీ బిగిస్తారు. తెగినవన్నీ తిరిగి అతుక్కోవు. రిలాక్సర్ అనే రకాల్లో కొన్నింటిలో సోడియం హైడ్రాక్సైడ్, అనగా కాస్టిక్ సోడా ఉంటుంది. మందు ఎక్కువసేపు ఉంచినా, ఇదివరకే రంగు వేసిన జుట్టుకు పట్టించినా వెంట్రుక పట్టు తప్పి తెగిపోతుంది. తలచర్మానికి తగిలితే బొబ్బలు లేస్తాయి.

కెరాటిన్ చికిత్స అనే పేరు వింటే జుట్టుకు బలమైన ఆహారం పెట్టినట్టు తోస్తుంది. కాని ఆ మందుల్లో కొన్నింటిలో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. శవాలు చెడిపోకుండా వాడే ఫార్మలిన్ ఈ పదార్థంతో చేసినదే. ఇది మనుషులకు కాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చింది. ఫార్మాల్డిహైడ్ లేదని సీసా మీద రాసి ఉన్నవాటిలో గ్లయాక్సిలిక్ ఆమ్లం ఉండవచ్చు. ఒక 26 ఏండ్ల యువతి సంగతి 2024లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వచ్చింది. 2020, 2021, 2022 సంవత్సరాల్లో ఆమె మూడుసార్లు జుట్టు సాపు చేయించుకున్నది. మూడుసార్లూ ఆమె మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. వాడిన క్రీములో ఈ ఆమ్లమే ఉన్నది. కనుక పార్లరు నుండి వచ్చిన తర్వాత వాంతులు, జ్వరం, నడుము నొప్పి కనబడితే ఎండదెబ్బ అనుకొని ఊరుకోకూడదు. ఆసుపత్రికి వెళ్లి, తలకు పెట్టించుకున్న మందు సంగతి డాక్టరుకు చెప్పాలి.

అమెరికాలో 33,497 మంది స్త్రీలను ఇంచుమించు పదకొండేళ్లు గమనించిన పరిశోధన ఫలితాలు 2022లో వెలువడ్డాయి. ఇటువంటి మందులు ఎన్నడూ వాడనివారిలో 70 ఏండ్ల లోపు గర్భసంచి కాన్సర్ వచ్చే అవకాశం నూటికి 1.64 అయితే, ఏడాదికి నాలుగుసార్లకు మించి వాడినవారిలో అది 4.05 అని లెక్క కట్టారు. మందే కారణమని దీనితో రుజువు కాలేదు. ఒక్కసారి చేయించుకున్న పిల్ల భయపడవలసిన పని లేదు. మళ్లీ మళ్లీ చేయించుకునేవారు మాత్రం ఆలోచించాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు అసలే దూరంగా ఉండడం మంచిది.

ఊడుతోందా, తెగుతోందా?

రాలిన వెంట్రుకను వెలుతురులో పట్టి చూడండి. ఒక కొసన చిన్న తెల్లని బుడిపె ఉంటే అది కుదురు నుండి ఊడినది. బుడిపె లేక పొట్టిగా ఉంటే మధ్యలో తెగినది. తెగినదైతే కుదురు క్షేమంగానే ఉన్నట్టు. రోజుకు 50 నుండి 100 వెంట్రుకలు ఊడడం అందరికీ మామూలే. మనిషి తలమీద సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి గనుక అది లోటుగా కనబడదు.

కుదుళ్లతో సహా కుచ్చులుగా ఊడుతుంటే డాక్టరుకు చూపించాలి. తలమీద పుండ్లు, చీము, మంట ఉన్నా, నున్నగా మెరిసే మచ్చలు ఏర్పడినా ఆలస్యం చేయకూడదు. చర్మం కాలి మచ్చ కడితే అక్కడి కుదుళ్లు శాశ్వతంగా పోవచ్చు. అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉన్నది.

ఇంట్లో చేయవలసినవి

మొదటిది, మళ్లీ ఆ మందు జోలికి పోకూడదు. పాడైన జుట్టును సరిచేస్తామని పార్లరువారు ఇంకొక చికిత్స చెప్పినా ఒప్పుకోకండి. రంగు, బ్లీచింగు, ఇస్త్రీ, వేడిగాలి మెషీను మానాలి. చిట్లిన కొసలను కత్తిరించి వేయాలి. బయటికి వచ్చిన వెంట్రుకకు ప్రాణం ఉండదు. ఏ నూనె రాసినా, ఎంత ఖరీదైన సీరం పూసినా చిట్లినది తిరిగి అతుక్కోదు. కొత్తగా మొలిచేదే మంచి జుట్టు.

పెద్ద పండ్ల దువ్వెన వాడి, చిక్కును కొసల నుండి పైకి మెల్లగా తీయండి. తడి జుట్టు త్వరగా తెగుతుంది. బిగించి జడ వేయకుండా వదులుగా వేసుకోవాలి. తలంటుకునే ముందు కొబ్బరినూనె రాస్తే వెంట్రుకలోని మాంసకృత్తు పోవడం తగ్గుతుందని మన దేశంలో జరిగి 2003లో వెలువడిన పరిశోధన ఒకటి చెప్పింది. అయితే తలమీద పుండు ఉంటే నూనె, ఉల్లిరసం, నిమ్మరసం ఏదీ పూయకండి. పుండు మానేవరకూ కుంకుడు రసం కూడా వద్దు.

మా వైపు చాలా బోర్ల నీళ్లు ఉప్పగా ఉంటాయి. వాటితో తలంటుకుంటే నురగ రాదు, జుట్టు బిరుసెక్కుతుంది. సప్పనీళ్లు రెండు చెంబులు దొరికినా చాలు, చివర తల కడగడానికి ఉంచుకోండి. వేసవిలో గాలికి ఇసుక లేచే రోజుల్లో బయటికి వెళ్లేటప్పుడు మెత్తని నూలుగుడ్డ కట్టుకోవాలి.

“గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుంది” అని పెద్దలు అంటారు. ఇది నిజం కాదు. గుండు వల్ల కుదుళ్లు పెరగవు. కోసిన కొస మొద్దుగా ఉండడం వల్ల చేతికి ఒత్తుగా తగులుతుంది, అంతే.

లోపలి బలం కూడా కావాలి

జుట్టు రాలడానికి పార్లరు మందు ఒక్కటే కారణం కాకపోవచ్చు. పెద్ద జ్వరం వచ్చిన రెండు మూడు నెలలకూ, కాన్పు తర్వాతా, థైరాయిడ్ లోపం వల్లా, రక్తహీనత వల్లా జుట్టు రాలుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏండ్ల స్త్రీలలో నూటికి 58.8 మందికి రక్తహీనత ఉన్నది. కనుక రక్తపరీక్ష చేయించండి. పప్పు, గ్రుడ్డు, ఉలవలు, అలసందలు, వేరుశనగలు, ఆకుకూరలు, మునగాకు తినండి. భోజనంతో నిమ్మకాయో జామకాయో తీసుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగడం దానికి అడ్డు.

జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఏడాదికి జానెడు కూడా కాదు. కొత్త జుట్టు తన స్వభావం ప్రకారం రింగులుగానే వస్తుంది. పాత సాపు జుట్టు కొత్త జుట్టుతో కలిసే చోటు బలహీనంగా ఉండి తెగుతుంది. అందుకే అప్పుడప్పుడు పాతది కత్తిరిస్తూ పోవాలి. మూడు నాలుగు నెలలకు పాపిట దగ్గర పొట్టి వెంట్రుకలు నిలబడితే సంతోషించండి.

ఇంటివారికి ఒక మాట

2018లో కర్ణాటకలో ఒక కళాశాల విద్యార్థిని ఇటువంటి చికిత్స తర్వాత జుట్టు ఊడిందన్న దిగులుతో ప్రాణం తీసుకున్నదని పత్రికల్లో వచ్చింది. పైకి చిన్న సంగతిలా కనబడేది ఆ పిల్లకు ఎంత భారమో మనం గ్రహించాలి. “డబ్బిచ్చి తెచ్చుకున్నావు, అనుభవించు” అనడమూ, “ఈ తలతో నిన్నెవరు చేసుకుంటారు” అనడమూ గాయం మీద కారం చల్లడమే. జడలు అల్లుకోవడం గురించి పేతురు రాసిన మాట ఎత్తి గద్దించడానికి ఇది సమయం కాదు. తల్లి పక్కన కూర్చొని నూనె రాయాలి, తండ్రి ఆసుపత్రికి వెంట వెళ్లాలి. పిల్ల తిండి మానేసినా, నిద్రపోకపోయినా, చావు మాటలు మాట్లాడినా ఒంటరిగా వదలకండి. 2022లో ప్రారంభమైన టెలీ మానస్ 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే ఉచితంగా సలహా దొరుకుతుంది.

సాపు జుట్టే అందమన్న మాటను ముందు మన ఇండ్లలోనే మాన్పించాలి. రింగుల జుట్టు పిల్లను చిన్ననాటి నుండి “పిచ్చుకగూడు” అని ఎగతాళి చేసి, తర్వాత పార్లరుకు ఎందుకు వెళ్లావని అడగడం న్యాయమా? మీ సంఘంలో పెండ్లి కుదిరిన ఇల్లు ఏదైనా ఉంటే, ఈ పేజీ ఆ ఇంటి తల్లికీ కూతురికీ చదివి వినిపించండి.