రేసు సీటు... మన కారుకు నప్పేనా?

నడుమును గట్టిగా పట్టేసే అంచులు, భుజాల దగ్గర రెక్కలు, ఎర్రదారంతో కుట్లు... రేసింగ్ సీటును చూస్తే కుర్రకారు మనసు ఆగదు. ‘పాతది ఊడదీసి కొత్తది బిగించడమేగా, నాలుగు బోల్టుల పని’ అనేస్తారు. స్పానర్ పట్టుకునే ముందు ఆ నాలుగు బోల్టుల వెనక కథేమిటో ఇంటిల్లిపాదీ తెలుసుకోవాలి!

ఈ మోజు ఇప్పటిది కాదు. జర్మనీలోని స్టట్‌గార్ట్‌లో పోర్షె 356 కార్లకు బాడీలు చేసిచ్చిన రాయిటర్ సంస్థ ఆ విభాగాన్ని పోర్షెకే అమ్మేసి, 1963 నుంచి రెకారో పేరుతో సీట్ల మీదే దృష్టి పెట్టింది. మామూలు కార్లలో బిగించుకునే స్పోర్ట్స్ సీటును 1965లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో చూపించింది. అప్పట్నుంచీ రేసు సీటు రోడ్డెక్కేసింది.

దానివల్ల లాభమూ ఉంది. వేగంగా మలుపు తిరిగేటప్పుడు ఒళ్లు పక్కకు జారుతుంది. డ్రైవరు స్టీరింగ్‌ను పట్టుకుని నిలదొక్కుకోవాల్సి వస్తుంది. బకెట్ సీటయితే ఒంటిని అదే కదలకుండా పట్టుకుంటుంది. చేతులకు స్టీరింగ్ తిప్పడమొక్కటే పని. అయితే ఇదంతా రేసు ట్రాక్ మీద మాట!

పాత సీటులో ఏముంది?

మన కారుతో వచ్చిన సీటు ఉత్త కుర్చీ కాదు. చాలా కార్లలో బెల్టును ‘టక్’మని పెట్టే బకిల్ దానికే బిగించి ఉంటుంది. పక్క నుంచి గుద్దితే కాపాడే ఎయిర్‌బ్యాగ్ చాలావాటిలో సీటు వీపులోనే దాక్కుని ఉంటుంది. బెల్టు పెట్టుకోకపోతే కుయ్యిమనే ఏర్పాటు తీగలూ ఆ కిందనుంచే వెళ్తాయి. మన దేశంలో 2019 జులై 1 నుంచి కొత్త కార్లలో ఆ హెచ్చరిక తప్పనిసరి. సీటు తీస్తే ఇవన్నీ దాంతోపాటే పోతాయి. డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ దీపం వెలుగుతుంది. చిన్న రెసిస్టర్ పెట్టి దాన్ని ఆర్పేసేవాళ్లున్నారు. దీపం ఆరుతుంది సరే... ఎయిర్‌బ్యాగ్ తిరిగి రాదుగా!

బెల్టుతో వచ్చే చిక్కు

సీటుతోపాటు నాలుగు పట్టీల రేసు బెల్టూ వేయించేస్తారు కొందరు. పులిని చూసి నక్క వాత పెట్టుకోవడమంటే ఇదే! రేసు కారులో డ్రైవరు చుట్టూ ఉక్కు గొట్టాల పంజరం ఉంటుంది. తలకు హెల్మెట్, మెడకు రక్షణ ఉంటాయి. మన కారులో అవేవీ లేవు. కారు పల్టీకొట్టి పైకప్పు నొక్కుకుపోతే మామూలు బెల్టులో ఉన్న మనిషి కాస్త పక్కకు ఒరగగలడు. రేసు బెల్టు నిటారుగా బిగించేస్తుంది. బరువంతా తల మీదా మెడ మీదా పడుతుంది. పైగా తొడల మధ్య నుంచి వచ్చే పట్టీ లేకపోతే ముందు నుంచి గుద్దినప్పుడు ఒళ్లు బెల్టు కిందికి జారి పొట్ట నలుగుతుంది. కాబట్టి సీటు మార్చినా కారుతో వచ్చిన మూడు బిందువుల బెల్టు సరిగ్గా నడుం ఎముక మీదుగా వెళ్లాలి. అలా వెళ్లనివ్వని సీటు మనకొద్దు.

బిగించాల్సి వస్తే...

* ఎఫ్ఐఏ ముద్ర ఉందో లేదో చూడండి. 8855-1999 ప్రమాణం సీటుకు రేసుల్లో తయారైన నాటి నుంచి 5 ఏళ్లే గడువు. ముద్రలేని నకిలీలు పైన పటారం... లోన లొటారం!

* మీ మోడల్ కారు కోసమే చేసిన బేస్ ఫ్రేమ్ కొనండి. నేల రేకుకు కొత్తగా రంధ్రాలు వేసి బిగిస్తే గుద్దిన క్షణంలో సీటు ఊడి రావచ్చు.

* ముందు బ్యాటరీ నెగెటివ్ తీగ తీయాలి. కారు మాన్యువల్ చెప్పినంతసేపు ఆగాకే ఎయిర్‌బ్యాగ్ కనెక్టర్ ముట్టుకోవాలి. ఆ పని తెలిసిన మెకానిక్‌కే వదిలేయడం మేలు.

* బోల్టులు చేతి అంచనాతో కాదు, టార్క్ రెంచితో మాన్యువల్‌లో చెప్పినంత బిగించాలి. కొన్నాళ్లు తిరిగాక మళ్లీ సరిచూడాలి.

* సీటు జరిపే పట్టాలు రెండు వైపులా లాక్ అవుతున్నాయా? క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు మోకాలు కాస్త వంగి ఉందా? చూసుకోండి.

మరో మాట. వీపు వంగని బకెట్ సీటులోకి మోకాళ్ల నొప్పుల నాన్నమ్మ ఎక్కలేదు. వెనక కూర్చున్న పిల్లల తల ఆ గట్టి డొప్పకు తగలొచ్చు. రిజిస్ట్రేషన్ పత్రంలోని తయారీ వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019లో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. మీ మార్పు దాని కిందికి వస్తుందేమో రవాణా కార్యాలయంలో ముందే అడగండి. బీమా సంస్థకూ రాతపూర్వకంగా తెలపండి.

వేగమే సరదా అయితే చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టైలో, కోయంబత్తూరులో రేసు ట్రాక్‌లున్నాయి. అక్కడ పంజరం, హెల్మెట్, ఆరు పట్టీల బెల్టుతో కూడిన అసలు రేసు కారులో ఆ సీటు అందం చూడాలి. నడుం నొప్పే కారణమైతే ముందు ఉన్న సీటునే ముందుకూ వెనక్కీ జరిపి, వీపు వాలు సరిచేసి చూడండి. పైసా ఖర్చుండదు... ప్రాణానికి కాపలా కాసేవేవీ పోవు!